బొలెరోలో రేడియో వెనక, మైక్ ముందు: వైరు పొడిగిస్తే కూత వస్తోంది, పీటీటీ వదిలినా ట్రాన్స్‌మిట్ ఆగడం లేదు

టెక్కలి_తీరం:

అందరికీ నమస్కారం. మాది టెక్కలి వైపు. హ్యామ్ (అభిరుచి కోసం నడిపే రేడియో) లైసెన్స్ ఉంది, 2 మీటర్ల బ్యాండుకి 50 వాట్ల మొబైల్ రేడియో ఒకటి బొలెరోలో బిగించాను. రేడియో బాక్సు వెనక సీటు కింద ఉంది, యాంటెన్నా పైకప్పు మీద. ముందు డాష్‌బోర్డులో చోటు లేదు, ఉన్న కాస్త సందులో ఇరికిస్తే గాలి ఆడక బాక్సు కాలిపోతుంది, అందుకే వెనక్కి పంపాల్సి వచ్చింది. మైక్ మాత్రం ముందే ఉండాలి, డ్రైవరు పక్కన కూర్చున్న మనిషి చేతికి అందాలి.

రేడియోతో వచ్చిన చేతి మైక్‌నే వాడుతున్నాను. దాని ప్లగ్గు 8 పిన్నులది, చూడ్డానికి ఇంటర్నెట్ వైరు ప్లగ్గులాగే ఉంటుంది. అందుకని షీల్డ్ (తీగల చుట్టూ లోహపు తొడుగు) ఉన్న 5 మీటర్ల రెడీమేడ్ ల్యాన్ కేబుల్ తెచ్చి, రేడియో నుంచి డోర్ బీడింగ్ కిందగా ముందుకి లాగి, డాష్‌బోర్డు కింద ఇనప క్లాంపుకి మెటల్ కప్లర్ ఒకటి బిగించి, అందులో మైక్ గుచ్చాను. మాట వెళ్తోంది. కానీ రెండు ఇబ్బందులు ఉన్నాయి.

మొదటిది, ఇంజను ఆన్‌లో ఉండగా మాట్లాడితే నా గొంతు వెనక కుయ్‌మని సన్నటి కూత వినబడుతోందని అవతలివాళ్లు చెప్తున్నారు. యాక్సిలరేటర్ తొక్కితే కూత పైకి పోతుంది, వదిలితే దిగుతుంది, ఇంజను ఆపేస్తే అసలు ఉండదు. నేను వినేటప్పుడు మాత్రం నా స్పీకర్లో ఏ సౌండూ లేదు.

రెండోదే ఎక్కువ టెన్షన్ పెడుతోంది. 50 వాట్ల మీద మాట్లాడి పీటీటీ (మైక్ మీద నొక్కి మాట్లాడే బటన్) వదిలేసినా ఒక్కోసారి ట్రాన్స్‌మిట్ ఆగదు, ఎర్ర లైటు అలాగే వెలుగుతూ ఉంటుంది, రేడియో స్విచ్చు ఆపేస్తేనే ఆగుతుంది. 5 వాట్లకి తగ్గిస్తే ఈ గొడవ లేదు.

మైక్‌ని వెనక్కి తీసుకెళ్లి నేరుగా రేడియోకి గుచ్చి, ఇంజను ఆన్ చేసి, 50 వాట్ల మీద చూశాను. రెండు ఇబ్బందులూ లేవు. అంటే తేడా ఈ 5 మీటర్ల వైరులోనే ఉంది. కానీ అందులో ఏటి తప్పుందో తెలీడం లేదు. మీటరు పెడితే 8 పిన్నులూ ఈ చివర నుంచి ఆ చివరకి సరిగ్గానే కలుస్తున్నాయి.

నాకిది సరదాకి కట్టుకున్న బండి కాదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్, మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. తిత్లీ అయితే మా జిల్లాలోనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలి, కరెంటు పోయి, సెల్ టవర్లు ఆగిపోయి, పక్క ఊళ్లో మన మనిషి ఎలా ఉన్నాడో కనుక్కునే దారి లేకుండా పోయింది. మళ్లీ అలాంటి రోజు వస్తే సోంపేట నుంచో కవిటి నుంచో ఒక మాట శ్రీకాకుళం దాకా చేరాలంటే ఈ బండి పనికిరావాలి. నొక్కి వదిలాక ఆగని రేడియో ఫ్రీక్వెన్సీ మొత్తాన్ని మూసేస్తుంది, అప్పుడు నా ఒక్కడికే కాదు, ఎవరికీ దారి ఉండదు. అక్టోబర్‌లోపు సరి చెయ్యాలి. తెలిసినవాళ్లు చెప్పండి.


నాగావళి_ఒడ్డు:

తమ్ముడూ, వివరంగా రాశావు, సగం పని నువ్వే చేసేశావు. నేరుగా గుచ్చితే బాగుంది, వైరు మధ్యలోకి వస్తే పాడైంది. 5 వాట్లకి బాగుంది, 50కి పాడైంది. ఈ రెండు ముక్కలు చాలు. నీకున్నవి రెండు వేరు వేరు జబ్బులు, ఒకే మందుతో పోవు. వైరు లోపలి సంగతి నేను చెప్తాను, మిగతాది ఇక్కడున్న మిగతావాళ్లు అందుకుంటారు.

కంటిన్యుటీ చూస్తే పిన్నుకి పిన్ను కలిసిందా లేదా అన్నదే తెలుస్తుంది. ఏ తీగ ఏ తీగతో మెలి తిరిగి ఉందో మీటరు చెప్పదు, నీ కష్టమంతా అక్కడ ఉంది. ల్యాన్ కేబుల్లో 8 తీగలు 4 జతలుగా మెలితిప్పి ఉంటాయి. రెడీమేడ్ కేబుళ్లలో మామూలుగా కనబడే వరసలో 1, 2 పిన్నులు నారింజ జత, 4, 5 నీలం జత, 7, 8 గోధుమ రంగు జత, మిగిలిన 3, 6 ఆకుపచ్చ జత. అది కంప్యూటర్ నెట్‌వర్కుల కోసం పెట్టుకున్న వరస. మన రేడియోల లెక్క వేరు. ఈ 8 పిన్నుల మొబైల్ సెట్లలో చాలావాటికి పీటీటీ 4లో, మైక్ గ్రౌండ్ 5లో, మైక్ 6లో వస్తాయి. ఇప్పుడు రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడు. మైక్ తీగ ఆకుపచ్చ జతలో 3వ పిన్నుతో మెలి తిరిగి పోతోంది. దానికి తోడుండాల్సిన గ్రౌండు నీలం జతలో పీటీటీతో మెలి తిరిగి పోతోంది. వెళ్లే తీగ ఒక జతలో, తిరిగొచ్చే తీగ ఇంకో జతలో.

మెలి పెట్టేదే ఎందుకంటే, బయటి నుంచి వచ్చే దిక్కుమాలిన నాయిస్ రెండు తీగల్లోనూ సమానంగా ఎక్కి, అవతలి చివర ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలని. జతని విడగొడితే ఆ లాభం మొత్తం పోయినట్టే. మైక్ నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉండే సిగ్నల్, దాని పక్కనుంచే ఆల్టర్నేటర్ వైర్లు, హారన్ వైర్లు, వైపర్ మోటార్ వైర్లు పోతుంటాయి. రేడియోతో వచ్చిన చుట్టల వైరు పొట్టిది కాబట్టి తట్టుకుంటుంది, 5 మీటర్లు అనేసరికి తట్టుకోదు.

కాబట్టి ఆ కేబుల్ రెండు ప్లగ్గులూ కోసేసి కొత్తవి క్రింప్ చెయ్యి (పనిముట్టుతో నొక్కి బిగించు). ముందు మాత్రం నీ రేడియో మాన్యువల్లో మైక్ సాకెట్ బొమ్మ చూసుకో. ఒక కంపెనీ లెక్క ఇంకో కంపెనీకి సరిపోదు, పైగా కొందరు పిన్నుల్ని ఎడమ నుంచి లెక్కపెడతారు, కొందరు కుడి నుంచి. బొమ్మ సాకెట్‌ని ముందు నుంచి చూసి గీసిందా, ప్లగ్గుని చూసి గీసిందా అన్నది కూడా చూడాలి. తర్వాత మీటరుతో రుజువు చేసుకో. యాంటెన్నా తీసేసి డమ్మీ లోడ్ (పవర్ బయటికి పోకుండా తినేసే రెసిస్టరు) పెట్టు, మైక్ పీకేయి, రేడియో ఆన్ చేసి సాకెట్ దగ్గర కొలువు. ఒక పిన్ను మీద 8 వోల్టుల చుట్టూ వస్తుంది, అది మైక్‌కి వెళ్లే సప్లై. పీటీటీ పిన్ను మీద కొన్ని వోల్టులు ఉంటాయి, మైక్ తిరిగి గుచ్చి బటన్ నొక్కితే అది గ్రౌండుకి దిగి సున్నా అవుతుంది. గ్రౌండు పిన్నులు రేడియో బాడీతో కలుస్తాయి. ఇదంతా చేసేటప్పుడు ఆ 8 వోల్టుల పిన్ను పొరపాటున కూడా గ్రౌండుకి తగలకూడదు, తగిలితే లోపల సన్నటి ట్రాక్ కాలిపోతుంది, బయట నుంచి ఫ్యూజు కూడా పోదు, రేడియో విప్పాల్సిందే.

వరస ఇలా ఉంటే బాగుంటుంది. తెలుపు-నారింజ 1కి, నారింజ 2కి, అవి ఉన్నట్టే ఉంచు. నీలం 4లో అలాగే ఉంచి, తెలుపు-నీలం తీసి 7కి వెయ్యి, అక్కడ మామూలు గ్రౌండు ఉంటే పీటీటీకి తోడు దొరికింది. ఆకుపచ్చ 6లో ఉంది, తెలుపు-ఆకుపచ్చని 3 నుంచి తీసి 5కి వెయ్యి, మైక్‌కి దాని గ్రౌండు జత కలిసింది. తెలుపు-గోధుమ 3లోకి పోతుంది, గోధుమ 8లోనే ఉంటుంది. రెండు చివర్లా ఇదే వరస. మైక్ గ్రౌండునీ పీటీటీ గ్రౌండునీ దారిలో ఎక్కడా కలపకు. రేడియో లోపల అవి ఒకచోట కలవచ్చు, అది వాళ్లు చూసుకుని కలిపిన చోటు.

ఇంకోటి, కేబుల్ కొత్తది కొంటే లోపల ఒంటి రాగి తీగ ఉన్నది బండికి తేకు. అదిరి అదిరి మెడ దగ్గర విరిగిపోతుంది. సన్న పోగుల తీగ ఉన్నదే తీసుకో, క్రింప్ చేసే ప్లగ్గు కూడా పోగుల తీగకి తగ్గదై ఉండాలి.


బొబ్బిలి_ఆటో_ఎలక్ట్రికల్:

పై అన్నగారు చెప్పిన జతల సంగతి నిజమే, కాదనను. కానీ బండి పనిలో ఉన్నవాడిగా నాకు ముందు కళ్లకి కొట్టింది ఆ మెటల్ కప్లర్. షీల్డ్ ఉన్న కేబుల్, ఇనప క్లాంపు, మెటల్ కప్లర్ అన్నావు. అంటే కేబుల్ షీల్డు ముందు డాష్‌బోర్డు దగ్గర బండి బాడీకి తగిలింది. మరి రేడియో నెగటివ్ ఎక్కడ బిగించావు? వెనక ఫ్లోరుకి బోల్టు వేసి ఉంటావు. ఇంకేటుంది, లూపు పూర్తయింది.

బండి బాడీ అంతా ఒకటే ఎర్తు అని అందరం అనుకుంటాం గానీ అది నిజంగా ఒకటి కాదు. దాంట్లోంచి ఆల్టర్నేటర్ కరెంటు, హెడ్‌లైట్ల కరెంటు, ఏసీ బ్లోయర్ కరెంటు అన్నీ తిరిగెళ్తుంటాయి, రేకు అతుకుల దగ్గర, తుప్పు పట్టిన బోల్టుల దగ్గర కొంచెం కొంచెం వోల్టేజి పడుతుంది. డాష్‌బోర్డు రేకుకీ వెనక ఫ్లోరు రేకుకీ మధ్య పదుల మిల్లీవోల్టులు తేడా ఉండడం పెద్ద విషయం కాదు. మైక్ సిగ్నల్ కూడా మిల్లీవోల్టులే కదా. ఆ తేడా ఆల్టర్నేటర్ తిరిగే వేగానికి తగ్గట్టు ఊగుతుంది, అందుకే నువ్వు యాక్సిలరేటర్ తొక్కితే కూత పైకెళ్తోంది. రిసీవింగ్‌లో లేదు, ట్రాన్స్‌మిట్‌లోనే ఉంది అంటే అది పవర్ వైరులోంచి కాదు, మైక్ దారిలోంచే ఎక్కుతోందని నా లెక్క.

ఒక చిన్న పరీక్ష చెప్తాను. ఆ కప్లర్ని క్లాంపు నుంచి ఊడదీసి గుడ్డలో చుట్టి సీటు మీద పడేయి, రేకుకి ఎక్కడా తగలకూడదు. ఇంజను ఆన్ చేసి తక్కువ పవర్లో మాట్లాడు. కూత బాగా తగ్గిందంటే కేసు అక్కడే తేలిపోయినట్టు. ప్లాస్టిక్ కప్లర్ పెట్టుకో, లేదా కప్లర్‌కీ క్లాంపుకీ మధ్య రబ్బరు షీటు వేసి ప్లాస్టిక్ స్క్రూలతో బిగించు.

పవర్ సంగతి కూడా చూసీయండి, ఎలాగూ బీడింగ్ విప్పుతారు కదా. 50 వాట్ల సెట్టు ట్రాన్స్‌మిట్‌లో 10, 12 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ ముందుంది, సెట్టు వెనక ఉంది, 5 మీటర్లు అనుకుందాం, పోను రాను 10 మీటర్లు. 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు వేస్తే దారిలోనే 0.8 వోల్టు పోతుంది, 6 స్క్వేర్ వేస్తే 0.35 లోపు ఉంటుంది. నెగటివ్‌ని కూడా రేకు మీద వదిలేయకుండా ఆ 6 స్క్వేర్ వైరుతోనే ముందుకి తీసుకురా. ఈమధ్య బండ్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద సెన్సారు ఉంటోంది, అలాంటి బండి అయితే నెగటివ్‌ని టెర్మినల్‌కి కాకుండా బ్యాటరీ ఎర్తు పట్టీ బాడీకి కలిసే బోల్టు దగ్గర బిగించాలి. పాజిటివ్‌లో ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, సెట్టు దగ్గర కాదు. దారిలో ఎక్కడో ఇన్సులేషన్ అరిగి రేకుకి తగిలితే కాపాడేది బ్యాటరీ పక్కనున్న ఫ్యూజే. ఎన్ని బండ్లలో చూశానో, ఫ్యూజు సెట్టు దగ్గర పెట్టి మొత్తం వైరుని కాపలా లేకుండా వదిలేస్తారు. అగ్గి పుట్టేది అక్కడే.


టెక్కలి_తీరం:

ఇద్దరికీ చాలా థాంక్స్. మాన్యువల్ బయటికి తీశాను. 1లో 8 వోల్టులు, 2లో ఛానల్ మార్చే బటన్లు, 3 ఖాళీ, 4 పీటీటీ, 5 మైక్ గ్రౌండ్, 6 మైక్, 7 గ్రౌండ్. 8 మనకి అవసరం లేనిది. మీటరుతో కొలిచినా అలాగే వచ్చింది. అంటే అన్నగారు చెప్పినట్టు నా మైక్ తీగ ఒక ఖాళీ తీగతో మెలి తిరిగి ఇంత దూరం వస్తోంది.

బొబ్బిలి అన్న చెప్పినట్టు రేడియో నెగటివ్ వెనక ఫ్లోరు బోల్టుకే ఉంది. కప్లర్ ఊడదీసి సీటు మీద పెడితే కూత బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంజను ఆన్ చేసి హెడ్‌లైట్లు వేసి డాష్‌బోర్డు రేకుకీ వెనక బోల్టుకీ మధ్య మీటరు పెడితే పదుల మిల్లీవోల్టులు చూపిస్తోంది. ఇంత స్పష్టంగా కనబడుతుందని అనుకోలేదు.

ఇప్పుడు ఆ రెండో ఇబ్బంది. 50 వాట్ల మీద పీటీటీ వదలకపోవడం.


గంటస్తంభం_విజయనగరం:

పీటీటీ సంగతి నేను చెప్తాను, మా ఇంట్లో ఇదే బాధ పడ్డాం. 50కి వచ్చి 5కి రాలేదంటే అది నీ యాంటెన్నా నుంచి బయటికెళ్లిన పవరే తిరిగొచ్చి మైక్ వైరు మీద ఎక్కుతోంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2 మీటర్ల పైచిలుకు. నీ మైక్ వైరు 5 మీటర్లు. అంటే బండిలోపల ఇంకో యాంటెన్నా పరిచినట్టే. ఆ ఆర్ఎఫ్ (రేడియో తరంగాల పవర్) రేడియో లోపలికి వెళ్లి అక్కడ ట్రాన్సిస్టర్ జంక్షన్ల దగ్గర డీసీగా మారి, పీటీటీ ఇంకా నొక్కే ఉందని రేడియోని నమ్మిస్తుంది. ట్రాన్స్‌మిట్ ఆగదు కాబట్టి ఆర్ఎఫ్ ఆగదు, ఆర్ఎఫ్ ఆగదు కాబట్టి పీటీటీ వదలదు. అందుకే స్విచ్చు ఆపితే తప్ప ఆగడం లేదు.

ముందు యాంటెన్నా వైపు చూడు. ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే లెక్క) కొలిచావా? 1.5 దాటి ఉంటే మైక్ వైరు జోలికి వెళ్లకముందు అది సరిచెయ్యి. పైకప్పు మీద యాంటెన్నా బేస్ రేకుకి సరిగ్గా ఎర్తు అవ్వకపోతే కోయాక్స్ (యాంటెన్నా వైరు) పైతొడుగు మీదుగా ఆర్ఎఫ్ బండి లోపలికి దిగుతుంది. రంగు గీకి, రేకు కనబడేలా చేసి బిగించి, మన తీరం గాలికి తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాయాలి. కోయాక్స్‌నీ మైక్ వైరునీ ఒకే బీడింగ్ కింద పక్కపక్కన లాగి ఉంటే విడదీయి. ఒకటి కుడి డోర్ వైపు, ఒకటి ఎడమ డోర్ వైపు. దాటించక తప్పని చోట అడ్డంగా దాటించు, పొడుగునా ఆనించి పరవకు.

తర్వాత కెపాసిటర్లు. పీటీటీ నుంచి గ్రౌండుకి 102 అని రాసి ఉండే చిన్న సిరామిక్ డిస్కు, అంటే 1 నానోఫారడ్, రేడియో చివర ఒకటి, మైక్ చివర ఒకటి. మైక్ తీగ నుంచి మైక్ గ్రౌండుకి 100 నుంచి 470 పికోఫారడ్ మధ్యలో ఏదైనా, అదీ రెండు చివర్లా. కాళ్లు పొడుగ్గా వదిలావంటే ఇంత ఫ్రీక్వెన్సీలో ఆ కాళ్లే కాయిల్ అయిపోతాయి, కెపాసిటర్ పెట్టీ లాభం ఉండదు. వీలైనంత పొట్టిగా కోసి టంకం పెట్టు. గొంతు ఏమైనా మందగిస్తుందేమో అని భయపడకు. మన మాట రేడియోలో 300 నుంచి 3000 హెర్ట్జ్ లోపలే పోతుంది, అంత చిన్న కెపాసిటర్ దాన్ని ముట్టుకోదు.

రేడియో చివర వైరు మీద ఫెరైట్ పెట్టు. పాత కంప్యూటర్ మానిటర్ కేబుళ్ల చివర లావుగా గుండు ఉంటుంది చూడు, అదే. విప్పి తగిలించే రకం దొరికితే ఇంకా సుఖం. ఒక చుట్టు, వీలైతే రెండు మూడు చుట్లు తిప్పి ప్లగ్గుకి దగ్గరగా బిగించు.

మా ఇంటి సంగతి ఎందుకు చెప్పానంటే, మా రేడియో మేడ మీద యాంటెన్నా దగ్గర ఉంది, మైక్ కింద హాల్లో. దూరం 20 మీటర్లు ఉంటుంది. అక్కడ కరెంటు ఎర్తు వేరు, ఇక్కడ వేరు, హమ్మింగు ఎన్ని చేసినా పూర్తిగా పోలేదు. చివరికి ఆడియోకి 600 ఓమ్స్ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం, పాత డయలప్ మోడెం కార్డులోంచి పీకింది. పీటీటీకి మొబైల్ చార్జర్లలో ఉండే పీసీ 817 ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని వెలుతురుతో దాటించే చిన్న ఐసీ) పెట్టాం. అప్పుడు రెండు వైపుల గ్రౌండులకీ మధ్య రాగి దారే లేకుండా పోయింది, హమ్మింగు పోయింది. కానీ ట్రాన్స్‌ఫార్మర్లోంచి డీసీ వెళ్లదు. చేతి మైక్‌లో ఉండే కండెన్సర్ క్యాప్సూల్‌కి వోల్టేజి కావాలి, కాబట్టి మైక్ చివర దానికి వేరే సప్లై ఇచ్చుకోవాలి, దానికి 2.2 కిలో ఓమ్స్ రెసిస్టరు, డీసీ ఆపడానికి ఒక కెపాసిటరు. బండిలో 5 మీటర్లకి ఇంత అవసరం పడదని నా నమ్మకం. పై రెండూ చేశాక కూడా కూత మిగిలితే అప్పుడు చూద్దాం.

ఒక హెచ్చరిక. ఇంట్లో ఇలా ల్యాన్ ప్లగ్గులతో మైక్ వైరు లాగినవాళ్లు ఆ సాకెట్ మీద పెద్దగా రాసి అంటించండి. పిల్లలో, ఇంటర్నెట్ బాగుచెయ్యడానికి వచ్చినవాళ్లో తెలియక తీసుకెళ్లి స్విచ్చులో గుచ్చితే, కెమెరాలకి ఆ వైరులోనే కరెంటు పంపే రకం స్విచ్చు అయితే 48 వోల్టులు ఉంటాయి. కొన్ని స్విచ్చులు అవతల ఏముందో చూసుకునే వదులుతాయి గానీ, అన్నీ అలా చూడవు.


సాలూరు_ఘాట్:

షీల్డు విషయంలో నాకు కొంచెం వేరే అభిప్రాయం ఉంది. ఒక చివరే ఎర్తు చెయ్యాలని అందరూ అంటారు, ఆడియో కూత కోసం అది సరైనదే. కానీ ఆర్ఎఫ్‌కి ఒక చివర వదిలేసిన షీల్డు ఇంకో యాంటెన్నా. 2 మీటర్ల బ్యాండులో షీల్డు రెండు చివర్లా ఎర్తు అయితేనే పని చేస్తుంది. ఘాట్ రోడ్డులో కొండ అడ్డం వచ్చి పూర్తి పవర్ పెట్టక తప్పని మాలాంటివాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది.


నాగావళి_ఒడ్డు:

సాలూరు గారూ, మీరన్నది కూడా నిజమే, అందుకే రెండిటినీ కలిపే దారి ఉంది. రేడియో చివర షీల్డుని నేరుగా రేడియో బాడీకి కలపాలి. మైక్ చివర షీల్డుని రేకుకి నేరుగా కాకుండా ఒక 10 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ద్వారా కలపాలి, కాళ్లు పొట్టిగా. ఆర్ఎఫ్‌కి ఆ కెపాసిటర్ దాదాపు షార్టు, దిగిపోతుంది. కూత కొన్ని వందల నుంచి కొన్ని వేల హెర్ట్జ్ లోపలే ఉంటుంది, దానికి ఆ కెపాసిటర్ పెద్ద గోడ. టెక్కలి తమ్ముడు ముందు షీల్డుని ముందువైపు పూర్తిగా వదిలేసి చూడాలి, అప్పటికీ పీటీటీ సతాయిస్తే ఈ కెపాసిటర్ వెయ్యాలి. అన్నీ ఒకేసారి చేసేస్తే ఏది పని చేసిందో తెలియదు.


ఆమదాలవలస_రేడియో:

ముఖం (బటన్లు, డిస్‌ప్లే ఉండే పలక) విప్పి ముందు పెట్టుకునే రేడియోలు వస్తున్నాయి కదా, వాటికి కంపెనీవాళ్లే పొడిగింపు వైరు కిట్టు ఇస్తారు. కొత్తది కొనేవాళ్లు అది చూసుకోండి. కొన్నిట్లో మైక్ కూడా ఆ ముఖానికే గుచ్చవచ్చు, కొన్నిట్లో మైక్ సాకెట్ వెనక బాక్సులోనే ఉండిపోతుంది, కొనేముందు అడగండి.

స్పీకర్ కూడా ముందుకి లాగే ఆలోచన ఉంటే ఒక్కమాట. కొన్ని మొబైల్ సెట్లలో స్పీకర్ రెండు తీగల్లో ఏదీ గ్రౌండు కాదు, రెండిట్లోనూ ఆడియో ఉంటుంది. ఒక తీగని బండి రేకుకి కలిపేస్తే ఆడియో ఐసీ పోతుంది. మాన్యువల్ చూడకుండా కలపకండి, రెండు తీగలూ విడిగానే లాగండి.


టెక్కలి_తీరం:

పని అయ్యాక రాస్తున్నాను. తర్వాత ఎవరికైనా పనికొస్తుందని వరసగా చెప్తాను.

కేబుల్ ప్లగ్గులు కోసి, నాగావళి అన్న చెప్పిన రంగుల వరసలో మళ్లీ క్రింప్ చేశాను. ముందువైపు ప్లాస్టిక్ కప్లర్ పెట్టాను, షీల్డుని అక్కడ ఎక్కడా తగలనివ్వలేదు. కూత మొత్తం పోయింది. ఆమదాలవలస దగ్గర ఒక మిత్రుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు, ఇంజను ఆన్‌లో ఉందో లేదో చెప్పలేకపోయాడు. కూతతో పాటు ఇంకో మార్పు కూడా వచ్చింది, నా గొంతు ముందుకన్నా నిండుగా ఉందట.

పీటీటీ అప్పటికీ వదల్లేదు, తగ్గింది గానీ పోలేదు. ఎస్‌డబ్ల్యూఆర్ కొలిస్తే 2 దాటి ఉంది. యాంటెన్నా బేస్ విప్పి చూస్తే కింద రేకు మీద రంగు అలాగే ఉంది, రంగు మీదే బిగించినట్టుంది. గీకి బిగించాక 1.3కి వచ్చింది. కోయాక్స్‌ని ఎడమ వైపుకి మార్చాను. రేడియో చివర ఫెరైట్, రెండు చివర్లా కెపాసిటర్లు. ఇప్పుడు 50 వాట్ల మీద ఎంతసేపు మాట్లాడినా వేలు తీయగానే ఆగుతోంది. షీల్డుకి 10 నానోఫారడ్ అవసరం పడలేదు. కానీ సాలూరు గారు చెప్పింది గుర్తుపెట్టుకుంటాను, పూర్తి పవర్ మీద కొండల వైపు వెళ్లినప్పుడు మళ్లీ చూస్తాను.

పవర్ వైరు 6 స్క్వేర్‌కి మార్చాను, నెగటివ్ కూడా ముందుకి తెచ్చాను, ఫ్యూజు బ్యాటరీ పక్కన పెట్టాను. బొబ్బిలి అన్నా, పాత వైరు ఒకచోట సీటు పట్టాల కింద నలిగి రాగి కనబడుతోంది. ఫ్యూజు అటు చివర ఉండేది. నువ్వు చెప్పకపోతే అది చూసేవాడినే కాదు.

ఒక్క సందేహం మిగిలింది. మేం ఎక్కువగా భావనపాడు, బారువ తీరం వెంట తిరుగుతాం. ఈ ప్లాస్టిక్ కప్లర్లో ఆ సన్నటి పిన్నులు ఉప్పుగాలికి ఎన్నాళ్లు ఆగుతాయి?


బొబ్బిలి_ఆటో_ఎలక్ట్రికల్:

ఆగవు. పచ్చగా చిలుం పడతాయి, పైగా మన రోడ్ల కుదుపుకి ప్లగ్గు నాలుక విరిగి వదులైపోతుంది, అప్పుడు సరిగ్గా అవసరమైన రోజే మైక్ తెగుతుంది. బీచి రోడ్డు బండ్లకి నేను వాడేది గుండ్రటి మెటల్ కనెక్టరు, మర తిప్పి బిగించేది, ఏవియేషన్ కనెక్టర్ అని అడిగితే ఇస్తారు. 8 పిన్నులది తీసుకో. ఒక్కో తీగా టంకం పెట్టి, ఒక్కోదానికీ హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, లోపల సిలికాన్ గ్రీజు పూసి బిగించు. దాని బాడీ మెటల్ కాబట్టి డాష్‌బోర్డు రేకుకి తగలకుండా ప్లాస్టిక్ పలక మీద బిగించాలి, లేకపోతే ఆ కూత మళ్లీ మొదటికి వస్తుంది. వైరు కనెక్టర్లోకి కింద నుంచి పైకి ఎక్కేలా వంపు పెట్టు, పైనుంచి నీళ్లు కారినా వంపు దగ్గర రాలిపోతాయి. ఒక స్పేర్ మైక్‌కి కూడా అదే కనెక్టరు పెట్టి బండిలో పడేయి.


గంటస్తంభం_విజయనగరం:

స్పేర్ మైక్ పెట్టేటప్పుడు దాన్ని కూడా ఒకసారి గుచ్చి, పూర్తి పవర్ మీద, ఇంజను ఆన్ చేసి పరీక్షించండి. ఒకే ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఒకే పిన్నుల వరస ఉండదు. ఇంకా, మాట్లాడేది పక్క సీటు మనిషే అని మొదట్లోనే రాశారు, అది అలాగే ఉంచండి. నడుపుతూ చేత్తో పట్టుకునే పరికరం వాడితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను కింద కేసు అవుతుంది, తుఫాను గాలిలో చెట్లు పడి ఉన్న రోడ్డు మీద అయితే కేసు కన్నా ముందు ప్రాణం సంగతి. లైసెన్సు కాపీ, రేడియో కాగితాలు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బండిలోనే ఉంచండి, చెక్‌పోస్టు దగ్గర ఎవరైనా అడిగితే ఆలస్యం అవ్వకుండా చూపించవచ్చు.


టెక్కలి_తీరం:

అలాగే అన్నా. ఏవియేషన్ కనెక్టర్ విశాఖ నుంచి తెప్పిస్తున్నాను, రెండు మైకులకీ అదే పెడతాను. ఇచ్ఛాపురం వైపు ఇంకో మిత్రుడు ఇలాంటి బండే కట్టుకుంటున్నాడు, ఈ రంగుల వరస, కెపాసిటర్ల విలువలు అతనికి పంపాను.